పొగ మానని బండి

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. వీధిలో దోమలన్నీ చచ్చాయట, ఇక ఆ బండి ఆపమను."

వరండాలో మూడడుగుల దూరంలో నిలబడ్డ అల్లుడు ఆ మాట శుభ్రంగా విన్నాడు. విని, అతనూ భార్య వైపే తిరిగాడు.

"మీ నాన్నతో చెప్పు. పొగ ఎందుకొస్తోందో తెలిస్తే ఆపనా? నాకేమన్నా సరదానా?"

అల్లుడు దర్జీ. మామగారు జీవితమంతా లారీ నడిపి, ఈమధ్యే కూతురింట్లో చేరినాయన. చేరిన కొత్తలో అల్లుడు ముచ్చటపడి ఆయనకో చొక్కా కుట్టాడు. ఆయన అది తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇది చొక్కానా, దిండు గలీబా?" అన్నాడు. అంతే. ఆనాటి నుంచి ఒకే కప్పు కింద ఇద్దరికీ మాటల్లేవు. తలుపు వెయ్యాలన్నా, ఫ్యాను ఆపాలన్నా కబురు మోసేది ఆవిడే. మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి "పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత" అంటూ సిరప్పు సీసాలు అందించడం, ఇంటికొచ్చి వీళ్ల మాటలు వాళ్లకీ వాళ్ల మాటలు వీళ్లకీ అందించడం. నోరు అరిగిపోతోంది పాపం.

ఆ షాపు ఎత్తు మీద ఉంది. భార్యని వెనక కూర్చోబెట్టుకుని తొక్కలేక, దర్జీ తన సైకిలుకి ఇంజను కిట్టు తెప్పించాడు. అట్టపెట్టెలో పిడికెడంత ఇంజను, చిన్న టాంకు, గొలుసు, పళ్లచక్రం, ఇన్ని బోల్టులు. అన్నీ ఒక్కడే కూర్చుని బిగించుకున్నాడు. బిగిస్తున్నంతసేపూ మామగారు పేపరు అంచు మీంచి దొంగచూపులు చూశాడు. ఆవిడ అది గమనించి ఊరుకుంది.

పెట్రోలులో నూనె కలిపి పోస్తేనే ఆ ఇంజను బతుకుతుంది. ఎంత కలపాలో, ఎక్కువైతే ఎలా పొగేస్తుందో నూనె సీసా మీదే రాసుంది. బట్ట కొలిచే చెయ్యి కదా, దర్జీ బొట్టు తేడా రానిచ్చేవాడు కాదు. కొత్తలో సైకిలు గుర్రంలా ఎత్తెక్కింది. ఆ తర్వాత పట్టుకుంది ఈ జబ్బు. ఒకటే పొగ. పొగేసీ పొగేసీ, ప్లగ్గు నూనెలో తడిసి నడివీధిలో ఆగిపోవడం.

"ఏమండీ, ఈ దరిద్రాన్ని పాత ఇనుము వాడికిచ్చేద్దాం. నా బట్టలు చూడండి!"

ఆమె జాకెట్టు కుడిచేతి అంచున నూనె మరక. దర్జీ కన్ను దాన్ని పట్టేసింది. "అక్కడికెలా అంటింది?"

"మీ బండెక్కితే మరకలు కాక మల్లెపూలంటుతాయా? ఆదివారానికి ఇది బాగుపడకపోతే ఇనుము వాణ్ని నేనే పిలుస్తా. ఆ తర్వాత మీ ఇష్టం, మీ సైకిలు ఇష్టం." విసురుగా లోపలికెళ్లింది.

దర్జీ సైకిలు హ్యాండిలు నిమురుతూ ఉండిపోయాడు. మామగారు దగ్గాడు. దగ్గి, గోడతో అన్నాడు: "ఇంజను దించి చూడకుండా బండి అమ్ముకునేవాణ్ని నా జన్మలో చూళ్లేదు."

దర్జీ కూడా గోడకే జవాబిచ్చాడు: "దించాలంటే కిందనుంచి ఒకళ్లు పట్టుకోవాలిగా."

మామగారు లోపలికెళ్లి వేరే చొక్కా తొడుక్కుని వచ్చాడు. అదే, దిండు గలీబు. నూనె పనికి వదులుగా బాగుంటుందని గోడకి చెప్పి, కూలబడి ఇంజను కింద చేతులు పెట్టాడు.

"ఎటు తిప్పుతున్నావయ్యా? అది బోల్టు, బొత్తాం కాదు!"

"మీరు లారీ అనుకుని బిగిస్తే విరుగుద్ది మామయ్యా! చిన్న ప్రాణం ఇది."

మామయ్యా అన్నానని అతను చూసుకోలేదు. అనిపించుకున్నానని ఆయనా చూసుకోలేదు.

ఆ రోజు మొదలు ఇద్దరికీ అదే లోకం. గొలుసు బిగించారు, ప్లగ్గు గీకారు, కార్బొరేటర్ విప్పి ఊదారు. ఆవిడ టీ తెచ్చి "ఇంకా ఊపిరుందా దానికి?" అంటే, ఇద్దరూ ఒకే గొంతుతో "నువ్వు లోపలికెళ్లు!" అన్నారు.

శనివారానికీ పొగ తగ్గలేదు. మామగారు తల గోక్కుని తీర్పు చెప్పాడు. "వరండాలో మంచుకి పెట్రోలు పాడవుతోంది అల్లుడూ. ఉన్నది పారబోసి కొత్తది పొయ్యి. బండి నా గదిలో పెట్టు. తాళం నా మొలలో ఉంటుంది."

ఆదివారం ఇనుము వాడు సంచి పట్టుకుని వచ్చేసరికి సైకిలు వీధిలో చక్కర్లు కొడుతోంది. పొగ లేదు. దర్జీ ముందు, మామగారు వెనక.

"చూశావా అమ్మాయ్, మంచు! నేను చెప్పలా?" అని అరిచాడాయన వెనక సీటు మీంచి.

"చూశాను నాన్నా," అంది ఆవిడ. ఇనుము వాణ్ని మామా అల్లుడూ కలిసి సందు చివరిదాకా సాగనంపారు.

అక్కణ్నించి బండి గదిలోనే ఉంటూ గడియారంలా నడిచింది. విప్పడానికేం లేదు. దర్జీ మిషను ముందుకెళ్లాడు. మామగారు పేపరు పట్టాడు. ఒక సాయంత్రం ఆవిడ షాపు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే వినబడింది.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు, ఆ ఫ్యాను తగ్గించమని."

"మీ నాన్నతో చెప్పు, స్విచ్చి ఆయన పక్కనే ఉందని."

ఆవిడ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. ముక్కు మూసుకుంది.

"నాన్నా, నీ గదంతా పెట్రోలు కంపు. ఎలా పడుకుంటున్నావో ఏమో! మంచు కాలం పోయిందిగా, ఆ బండి వరండాలోనే పెట్టించు."

దర్జీ సైకిలు తెచ్చి వరండాలో నిలబెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. మామగారు మళ్లీ పేపరులో దూరాడు.

ఆవిడ బల్ల కిందనుంచి నూనె సీసా తీసి, అలవాటైన చేత్తో టాంకు బిరడా విప్పింది.

పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత.