కటకటాల అంగడి

"బయటికి రావయ్యా, కాస్త గాలి పీల్చుకుందువుగాని," అన్నాడు సిరీలో అనే కుర్రాడు, ఖాళీ సారా గ్లాసును ఇనుప కటకటాల సందులోంచి లోపలికి తోస్తూ.

లోపలున్న అన్సెల్మో గ్లాసు నింపి అదే సందులోంచి బయటికి జరిపాడు.

సలాదో నదికి ఆవలి మైదానంలో మొదటి ఇల్లు అతనిదే. గడ్డి తప్ప మరేమీ లేని చోట మట్టిగోడలు లేపి అంగడి పెట్టాడు. ఆ ప్రాంతపు అంగళ్ళన్నిటికీ ఉన్నట్టే దీనికీ బల్ల పొడవునా కటకటాలు, ఓ పక్కన చిన్న ఇనుప తలుపు. సరుకూ యజమానీ లోపల, జనం బయట. తోళ్ళూ నిప్పుకోడి ఈకలూ తెచ్చినవాళ్ళు ఉప్పు, పొగాకు, టీలా కాచుకునే మాతే ఆకు పట్టుకెళ్ళేవారు. తాగే ముందు కత్తి అప్పగించాలి. ఎక్కడైనా దాన్ని అంగడివాడి చేతికే ఇస్తారు. ఇక్కడ మాత్రం అతని భార్య రుఫీనా బయట నిలబడి తీసుకుని, వాకిలి దగ్గరి చెక్కపెట్టెలో వేసేది. లోపల ఒక్క కత్తీ ఉండదు. జున్నుగడ్డను కూడా అన్సెల్మో దారంతోనే కోస్తాడు. జనం నవ్వుకునేవారు.

ఇంతకు ముందు నదికి ఇవతల రెండు చోట్ల అంగడి నడిపారు. రెండు చోట్లా గొడవలై, ఒక్కో మనిషి ప్రాణం పోయింది. రెండు సార్లూ బండి కట్టుకుని రావలసి వచ్చింది. ఇక్కడ నేల మీద రక్తం పడితే అంగడి మూయిస్తానని సరిహద్దు కోట అధికారి ముందే చెప్పాడు. ఇంతకన్నా ముందుకు పోవడానికి చోటు లేదు. రుఫీనా పెరట్లో పీచ్ మొక్కలు నాటింది. తను నాటిన చెట్టు కాయ ఒక్కసారైనా తినాలని ఆమె కోరిక.

సిరీలో గుర్రాలను మచ్చిక చేసేవాడు. ఆ రోజే మొదటిసారి వచ్చాడు. మూడో గ్లాసుకి అన్సెల్మో మౌనం అతనికి చిరాకు తెప్పించింది.

"దారంతో జున్ను కోసే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. పెళ్ళాన్ని కాపలా పెట్టుకుని గూట్లో కూర్చున్నావేం, కోడిలాగా?"

అందరూ నవ్వారు. అన్సెల్మో చేతులు వణకసాగాయి. అవి తనవి కానట్టు, బల్ల మీద ఏదో జంతువు పడుకుని ఉన్నట్టు, వాటికేసే చూస్తుండిపోయాడు. రుఫీనా కూడా సిరీలోను చూడడం లేదు. ఆ చేతులనే చూస్తోంది.

సిరీలో గ్లాసులోని సారా అతని మొహాన కొట్టాడు.

నవ్వులు ఆగిపోయాయి. అన్సెల్మో కళ్ళు మూసుకుని, మొహం తుడుచుకున్నాడు.

"రుఫీనా, ఇతన్ని పంపెయ్," అన్నాడు, వినీ వినపడనట్టు.

బండి తోలే ముసలివాడొకడు కల్పించుకున్నాడు. "పోనీలేవయ్యా, పిరికివాణ్ణి ఏడిపిస్తే నీకేం వస్తుంది?"

రుఫీనా అప్పటికే సిరీలో చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయింది. ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"మీ అమ్మ ఉందా బాబూ?"

"ఉంది."

"ఆమె దగ్గరికి వెళ్ళు. మళ్ళీ ఇటు రాకు. నీకు దణ్ణం పెడతాను."

సిరీలో మెత్తబడ్డాడు. మొగుడి కోసం ఇంతగా బతిమాలే ఆడదాన్ని అతనెన్నడూ చూడలేదు.

"మీ మొహం చూసి వదిలేస్తున్నానమ్మా," అని కత్తి తీసుకుని గుర్రమెక్కాడు.

కాసేపటికి మిగతావాళ్ళూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. పొద్దు వాలింది. అన్సెల్మో కటకటాలకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

"వెళ్ళిపోయాడా?"

"కనుచూపు మేర దాటాడు."

"గుర్రం మీద పోతే అందుతాడా?"

"అందడు."

"అయినా కాసేపు ఆగుదాం," అన్నాడతను.

ఆమె మాతే కాచి, సందులోంచి అందించింది. ఇద్దరూ చెరో వైపు కూర్చుని, ఒకే సొరకాయ బుర్రను మార్చుకుంటూ తాగారు. పెరట్లో ఈ ఏడు పూత బాగా వచ్చిందని ఆమె చెప్పింది. అతను తల ఊపాడు. మెల్లగా అతని చేతులు సద్దుమణిగాయి.

"ఇక ఫర్వాలేదు," అన్నాడు.

రుఫీనా మెడలోని తాళంచెవి తీసి, ఇనుప తలుపుకు బయట తాను వేసిన తాళం తీసింది.