కనకి చేతులు

మొయినాబాద్ చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీని దించమంది సమత.

"నీ సన్మానానికే పెట్టించిన గదక్కా!" అన్నాడు రంజిత్.

సమత గీసే బొమ్మల కథల్లోని కనకి అంటే అతనికి ప్రాణం. ఏఐతో చేయించిన ఆ ఫ్లెక్సీలో కనకి ఊరి లీడరుకు దండం పెడుతోంది.

"కనకి ఎవరికన్న దండం పెట్టిందా తమ్మీ?"

"ఒక్క పుస్తకంల గూడ పెట్టలే. నడుం మీది చేతులే తియ్యదు గద."

"మరి ఇదేంది?"

"నేను పెట్టుమనలే. లీడర్ పక్కన నిలవెట్టుమన్న, గంతే. ఆ ఏఐనే పెట్టించింది. మస్తుగున్నదని ప్రింటుకిచ్చిన."

"నువ్వే గీస్తే, చేతుల కాడికి వచ్చేసరికి నీ చెయ్యి ఆగుతుండె."

రంజిత్ తలెత్తి ఫ్లెక్సీలో కనకి చేతులు చూశాడు. నిచ్చెన ఎక్కి తాళ్లు విప్పాడు.

"లీడర్ వచ్చే టైమైంది అక్కా. చౌరస్త ఖాళీగుంటె నన్నే తిడుతడు."

సమత ఫ్లెక్సీని బోర్లా పరిచి, తెల్లటి వెనకవైపు చూపించి మార్కర్ ఇచ్చింది.

"నాకు గీయరాదక్కా."

"వంకర పోతే పోనీ. కనకిని ఎవలన్న గీయొచ్చు. కాని చేత్తోటి గీయాలె."

రంజిత్ మోకాళ్ల మీద కూర్చుని ముందు నడుం గీశాడు. దాని మీద ఒక చెయ్యి పెట్టాడు.

లీడర్ కారు హారన్ వినిపించింది. రంజిత్ తల ఎత్తలేదు. రెండో చెయ్యి మొదలుపెట్టాడు.