బోరు దుమ్ము

"ఆ తిప్పేష్‌గాడు ఈడ కాలు పెడితే బండి ఆపించేస్తా." పొద్దుటి నుంచి ఓబుళేసుది అదే మాట.

చేనులో బోరు బండి రాయి తొలుస్తోంది. లేచిన తెల్లదుమ్ములో పైపులు మోసేవాళ్లంతా ముఖాలకు టవళ్లు చుట్టుకుని ఒకేలా ఉన్నారు.

"సొంత తమ్ముడు గదా. పిలిచింటే ఏం పోయేది?" అంది భార్య.

"తమ్ముడా? నా బోరు పక్కనే బోరేసి, నా చీనీ చెట్లు ఎండబెట్టినోడు తమ్ముడా? వాని మొగం చూస్తే పడే నీళ్లు గూడా పడవు."

బండి మోతను మించి అరిచి, విసురుగా పోయి కారెక్కాడు. మోటారు అంగడికి ఫోన్ చేయాలి. అద్దాలు బిగించి, కొత్త ఫోన్‌ను కారు స్పీకరుకు కలపబోయాడు. కలవలేదు. వేరే ఫోన్ అప్పటికే కలిసి ఉందని తెర మీద పేరు చూపించింది: తిప్పేష్.

కలిసున్న రోజుల్లో ఇద్దరూ కొన్న కారు అది. తమ్ముడి ఫోన్‌ను అదింకా మరిచిపోలేదు. కానీ ఆ ఫోన్ దగ్గర్లో ఉంటేనే కలుస్తుంది.

ఓబుళేసు తలెత్తాడు. కారు పక్కనే ఒకడు, నిలువెల్లా దుమ్ముకొట్టుకుపోయి, వంగి పైపును ఎడమ భుజానికెత్తుకుంటున్నాడు. ఊళ్లో ఎడమ భుజాన మోసేది వాడొక్కడే.

పొద్దుటి నుంచి తిట్టిన తిట్లన్నీ వింటూనే మోశాడు.

ఓబుళేసు అద్దం దించి భార్యను కేకేశాడు. గొంతులో కోపం తగ్గలేదు.

"ఆ టవలు కట్టుకున్నోనికి నీళ్లియ్యిపో. తాగేదంకా నేను అటు చూడనులే."