మంగళవారం తీయించని నెత్తురు

బుధవారం ఉదయం ఆరింటికి, వుడ్‌ల్యాండ్స్‌లోని ఫ్లాట్‌లో సుధాకరరావు కుడిచేయి పడిపోయింది. రక్తం మామూలుకన్నా చిక్కబడే జబ్బు అతనిది. నెలకోసారి ఆసుపత్రిలో కొంత తీయించుకోకపోతే మెదడులో గడ్డకట్టవచ్చని డాక్టర్ ముందే చెప్పింది.

ఈసారి ఆ తేదీ మంగళవారం పడింది.

"మంగళవారం పూట నెత్తురు తీయించుకుంటారా ఎవరైనా? రేపెళ్దురుగానీ, కొంపలేం మునిగిపోవు," అంది భార్య ఉమ.

"అలాగేలే. డాక్టర్‌కన్నా నీ పంచాంగమే పెద్దది," అని నవ్వి అతను ఆఫీసుకు వెళ్ళాడు.

ఆసుపత్రిలో డాక్టర్ అడిగింది: "నిన్న ఎందుకు రాలేదు?"

ఉమ నోరు తెరిచేలోపే అతను ముద్దముద్దగా అన్నాడు: "వైటూకే పని... మేనేజర్ వదల్లేదు."

ఆ మాట ఆఫీసుదాకా వెళ్ళింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే ఆ పని కోసం ఆ వారం ఎవరికీ సెలవివ్వని మేనేజర్, సాయంత్రం నాలుగింటికి ఉమకు క్షమాపణ చెప్పుకోవడానికి వస్తున్నాడు.