పసుపు పెట్టిన ఉత్తరం

మనుషుల తరఫున యంత్రమే ఉత్తరాలు రాసి, ఫోన్లలో మాట్లాడే కాలం వచ్చి చాలా ఏళ్ళయింది. అయినా భర్త మంచం పట్టాక, అన్నాళ్ళూ యంత్రం చేతే రాయించిన మాణిక్యాంబ కాగితం మీద శ్రీరామ రాసి, ఆశ చావక నాలుగు మూలలా పసుపు అద్ది, చెల్లెలికి తన చేత్తోనే రాసింది.

"వరాలూ, మీ బావ ఇక దక్కేలా లేరే. ఒక్కసారి వచ్చిపోవే."

చెల్లెలి జవాబు వచ్చింది. "అక్కా, ఎవరో నీ పేరుతో దొంగ ఉత్తరం రాశారే! పసుపు పెట్టి ఇలాంటి కబురు రాస్తారటే ఎవరైనా? నువ్వెప్పుడైనా ఇలా ఏడుస్తూ రాశావా? చించి పారేశాను."

మాణిక్యాంబ దేవుడి పటం ముందు కూలబడింది. "స్వామీ, నా మాటకంటే ఆ యంత్రం మాటే నాదనిపించిందా దానికి?"

"జవాబు రాయమంటారా అమ్మా?" అని యంత్రం మర్యాదగా అడిగింది. అది ఎప్పటిలాగే మొదలుపెట్టింది: "ఇక్కడ మేమంతా క్షేమం."