ప్రతి లైనూ బావదే

"ఈ ప్రోగ్రాంలో నాది కాని లైను ఒక్కటి చూపించు, మీసం తీసేస్తా!" అన్నాడు బావ.

బావకి మీసం లేదు. బావమరిది కంప్యూటర్ తెరకేసి చూశాడు.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు, పక్కపక్క కుర్చీలు. కొత్త భవనంలో దీపాలూ తలుపులూ లిఫ్టులూ అన్నీ నడిపే ప్రోగ్రాం అది. నడుం విరిగేలా కూర్చుని రాసింది బావమరిది. ఏ లైను ఎవరు రాశారో కంప్యూటరే పేరు వేసి పెడుతుంది. ఇవాళ చూస్తే పైనుంచి కిందదాకా బావ పేరే! టీమ్ లీడర్ ఎవరో యజమానురాలు తేల్చేది ఇవాళే. అదీ ఆ పేర్లు చూసే.

"నిజం చెప్పు బావా, ఏం చేశావు?"

బావ పకపకా నవ్వేశాడు. "ఏముందిరా! ఒక్క అచ్చుతప్పు దిద్ది సేవ్ కొట్టాను. ఊరంతా నా పేరున రిజిస్టరైపోయింది!"

బావమరిదికి వెలిగింది. తన కంప్యూటర్ ప్రతి లైను చివరా కంటికి కనపడని గుర్తు ఒకటి పెడుతుంది. బావది వేరే జాతి, రెండు పెడుతుంది. పాత టైపు మిషన్లో లైను అయ్యాక బండిని వెనక్కి నెట్టడం ఒక పని, కాగితం జరపడం ఇంకో పని. మిషన్లు పోయినా బావ కంప్యూటర్ ఆ మర్యాద వదల్లేదు, పనికో గుర్తు పెడుతుంది. బావ సేవ్ కొట్టగానే అన్ని లైన్లకీ తోక మారింది. తోక మారితే లైను మారినట్టే లెక్క, మార్చినవాడి పేరే పడుతుంది.

"ఆ రెండో గుర్తు భవనంలో ఉన్న కంప్యూటర్‌కి గొంతులో అడ్డం పడుతుంది బావా. తీసేద్దాం."

"తీస్తే మళ్లీ నీ పేరొస్తుందిగా! పోరా. పొద్దున్నే అక్కడికి పంపేశా. లీడరయ్యానని మీ అక్కకి ఫోన్ కూడా చేసేశా."

అంతలో ఫోన్ మోగింది. యజమానురాలు! బావమరిది కూడా వినాలని బావ స్పీకర్ పెట్టాడు.

"బాబూ, ప్రోగ్రాం అంతా నువ్వే రాశావట, నిజమేనా?"

"ప్రతి లైనూ నేనేనండీ!"

"ఎవరి సాయమూ లేదా?"

"చిటికెన వేలంత కూడా లేదు మేడం!"

ఫోన్లో వెనక ఏదో గంట ఆగకుండా మోగుతోంది. సన్మానం ఏర్పాట్లు ఘనంగానే ఉన్నాయనుకున్నాడు బావ. బావమరిది చెవి రిక్కించాడు. ఉన్నట్టుండి వాడి మొహం చేటంతయింది.

"నిజమే మేడం," అన్నాడు ముందుకు వంగి. "ప్రతి లైనుకీ మా బావ పేరే ఉంది."

బావ వాణ్ణి వాటేసుకున్నాడు.

"మంచిది. ఇక్కడ పదిమందిమి నిలబడే ఉన్నాం బాబూ. అందరూ నీ పేరే జపిస్తున్నారు."

బావ జేబులోంచి దువ్వెన తీశాడు. "వచ్చేస్తున్నా మేడం! ఎక్కడికి రమ్మంటారు?"

"మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య మేం ఇరుక్కుపోయిన లిఫ్టు దగ్గరికి."