తిట్టుకో మడత

"ఇంకా మంచం దిగలేదా మహారాణి గారు?" అంది వదిన ఫోన్ తెరలోంచి.

మరదలు దుప్పటి మోకాలి మీదికి లాక్కుంది. అన్నయ్య ఫోన్‌ను మందుల సీసాకు ఆనించి, ఈ గొడవలో తనకేమీ భాగం లేనట్టు వంటింట్లోకి జారుకున్నాడు.

వదిన ఉద్యోగం మీద దూరం వెళ్ళి రెండు నెలలైంది. తిరిగి రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆమె వెళ్ళిన వారానికే మరదలు మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషనైతే అయింది. రోజూ కాలు మడిచి చాపాలి, నడవాలి, లేకపోతే కీలు బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. బిగుసుకుపోతే ముందుగదిలోని కుట్టుమిషన్ సంగతి మరిచిపోవాల్సిందే. ఇరవై ఏళ్ళుగా వీధి వీధంతా ఆమె కుట్టిన బట్టలే తొడుక్కుంటోంది. కాలితో తొక్కితేనే కదిలే మిషన్ అది.

అన్నీ తెలుసు. కానీ మడిస్తే ప్రాణం పోతోంది. నిలబడితే పడతానేమోనని భయం. ఆ మాటే వదినతో అంది.

వదిన పకపకా నవ్వింది. "పడడమేమిటే? నేనిక్కడికొచ్చాక ఒక్కసారైనా పడ్డానా?"

ఆ నవ్వు మరదలికి పుండు మీద కారం చల్లినట్టుంది. వదిన అంతటితో ఆగలేదు. తాను రోజూ రెండు గంటలు వ్యాయామం చేస్తానని, ఒక్కపూట తప్పినా కింద ఆఫీసులో కూర్చున్న డాక్టర్లు నిలదీస్తారని, నిన్న బీరువా అంత పెట్టెను ఒంటిచేత్తో జరిపానని చెప్పుకుపోయింది. చెబుతూనే భుజాలకు పట్టీలు తగిలించుకుని ట్రెడ్‌మిల్ మీద పరుగందుకుంది. మొహం ఉబ్బిపోయి ఉంది. జుట్టు రేగి నిలబడింది.

"ఆ పట్టీలెందుకు వదినా? పారిపోతావని కట్టేశారా?"

"నీ నోటికున్న కసరత్తు కాలికుంటే ఈపాటికి వీధి చివరిదాకా వెళ్ళొచ్చేదానివి."

"రెండు నెలల్నించి పరుగెత్తుతున్నావుగా, ఎందాకా వెళ్ళావేంటి? ఆ గోడ దగ్గరే ఉన్నావు."

వదిన మొహం గంటు పెట్టుకుంది. తాను వచ్చేసరికి ఈ మంచంలోనే కనబడితే కుట్టుమిషన్‌ను పాత ఇనుము కింద తూకానికి వేసేస్తానంది. అన్నంత పనీ చేసే మనిషే.

మరదలు ఫోన్ బోర్లించింది. "ఒళ్ళు కొవ్వు" అంది పైకే. మొగుడి నెత్తిన ఇల్లు పడేసి పోయింది. అక్కడ వంట లేదు, వార్పు లేదు. పొట్లాలు చింపుకుని తినడం, తిన్నదరిగేదాకా గంతులెయ్యడం. ఈవిడా తనకు చెప్పేది?

కోపంలో మంచం కోడు పట్టుకుని లేచింది. పళ్ళు బిగించి మోకాలు మడిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదినను ఒక తిట్టు తిట్టి, ఇంకోసారి మడిచింది.

అదే అలవాటైంది. తిట్టుకో మడత. తిట్లకు కొదవ లేదు గనక మడతలకూ కొదవ రాలేదు. మొదటి నెలలో గుమ్మం దాటింది. రెండో నెలలో చేతికర్ర మూల పడేసింది. మూడో నెలలో, నొప్పి కొంత మిగిలే ఉన్నా, మిషన్ తొక్కింది.

ఇదేదీ వదినకు చెప్పలేదు. అన్నయ్యనూ చెప్పనివ్వలేదు. ఫోన్ మోగగానే మంచమెక్కి దుప్పటి కప్పుకునేది. తాబేలు నయమంది వదిన. బియ్యం బస్తా అంది. మరదలు అన్నీ విన్నది. ఎదురుపడ్డ రోజున నలుగురి ముందూ ఆమె పరువు తీయాలని ఒక మాట నూరి పెట్టుకుంది.

ఆ రోజు రానే వచ్చింది.

ఆరు నెలలు అంతరిక్షంలో తేలి భూమ్మీదికి దిగిన వదినను నలుగురు మనుషులు ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే, తల కూడా నిలపలేక పక్కకు వాలిపోతున్న ఆమె పాదాలకు మేజోళ్ళు తొడగడానికి మరదలు మోకాళ్ళు మడిచి కింద కూర్చుంది.